ఆకలితో వచ్చిన వృద్ధుడు: తిరువళ్ళూరు–తిరుత్తణి దారిలో ఆతిథ్య విచారం

ఒక సీమ పరాయి ఊళ్ళ వారిని ఎందుకు రప్పించుకుంటుంది అన్న ప్రశ్నకు లోకంలో రెండు జవాబులు వాడుకలో ఉన్నాయి. చూడదగిన కొండో కోనేరో గోపురమో ఉన్నందువల్ల జనం వస్తారన్నది మొదటిది. ఆ నేలలోనే ఒక పవిత్రత నిండి ఉన్నందువల్ల, దానిని తాకితే పాపం తొలగుతుందన్న నమ్మకంతో వస్తారన్నది రెండోది. క్షేత్రం వెలసిన తీరును చెప్పే గాథలకు స్థలపురాణాలని పేరు. అవి సాధారణంగా ఈ రెండో జవాబునే బలపరుస్తాయి. అయితే తమిళనాడు ఉత్తరపు అంచున, తెలుగూ తమిళమూ ఇరుగుపొరుగు ఇళ్ళలో వినిపించే తిరువళ్ళూరు–తిరుత్తణి ప్రాంతపు గాథలను పక్కపక్కన పెట్టి చదివితే అవి మూడో జవాబు వైపు నడిపిస్తాయి. ఆ జవాబు ప్రకారం, యాత్రికుల కంటే ముందు ఇక్కడికి దేవుడే యాత్రికుడిగా, కడుపు మాడి, తలదాచుకునే చోటు లేక వచ్చాడు. ఆయనకు ఎవరో పెట్టిన పిడికెడు పిండి వల్లనే ఆ చోటు క్షేత్రమైంది.

ఈ రెండు ఊళ్ళ నడుమ, చెన్నై నుంచి తిరుపతి పోయే రహదారి మీద కనకమ్మ సత్రం అనే ఊరు ఉంది. ఆ పేరులో కొండ లేదు, ఏరు లేదు, దేవుడు లేడు. ఒక స్త్రీ పేరూ, బాటసారులు దిగే ఒక కట్టడమూ మాత్రమే ఉన్నాయి. సత్రమంటే దూరం పోయేవారు ఒక పూటో రెండు పూటలో దిగి, వండుకొనో వడ్డించినది తినో మళ్ళీ దారి పట్టడానికి దాతలు కట్టించిన వసతి. దాని ఖర్చులు గడవడానికి మాన్యం, అంటే పన్ను తీసివేసిన భూమి, రాసి ఇవ్వడం ఆనవాయితీ. కాలినడకన, బండ్ల మీద ప్రయాణాలు సాగిన రోజుల్లో దారి అంటే మజిలీల వరుస తప్ప మరొకటి కాదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుభాషీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిన తన కాశీయాత్రను గ్రంథస్థం చేసినప్పుడు, మజిలీ మజిలీకి సత్రం ఉన్నదీ లేనిదీ, నీటి వసతి ఎలాంటిదీ, అంగళ్ళలో ఏ సరుకు దొరికేదీ రాసుకుంటూ పోవడానికి కారణం ఇదే. 1856 జూలై 1న దక్షిణ భారతంలోని మొదటి ప్రయాణికుల రైలు రాయపురం నుంచి తిరువళ్ళూరు మీదుగా వాలాజా రోడ్డు వరకు నడిచిన తరవాత ఈ ప్రాంతంలో మజిలీల అవసరం క్రమంగా తగ్గింది. ఊరి పేరు మాత్రం, ఒకప్పుడు ఈ నేల తనను తాను ఏ పనితో గుర్తుపెట్టుకోదలచిందో చెబుతూ, నిలిచి ఉంది.

ఆ పని వెనుక ఉన్న విధి చాలా పాతది. గృహస్థు రోజూ చేయవలసినవిగా శాస్త్రం చెప్పిన ఐదు మహాయజ్ఞాలలో దేవతలకు, ఋషులకు, పితరులకు, సమస్త ప్రాణులకు చెందిన నాలుగింటితో పాటు మనుష్యయజ్ఞం ఒకటి ఉంది. అది అతిథిని ఆదరించడమే. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి తల్లిని, తండ్రిని, గురువును, అతిథిని దైవంగా భావించమని స్నాతకుడికి, అంటే చదువు ముగించి ఇంటికి పోతున్న శిష్యుడికి, ఉపదేశిస్తుంది. అదే ఉపనిషత్తులోని భృగువల్లి, ఉండటానికి చోటు కోరి వచ్చిన ఎవరినీ కాదనకూడదని వ్రతంగా విధించి, అందుకోసమే గృహస్థు పుష్కలంగా అన్నం సమకూర్చుకోవాలని కూడా చెబుతుంది. కఠోపనిషత్తులో నచికేతుడు మూడు రాత్రులు తన వాకిట అన్నం లేకుండా ఉండిపోయినందుకు యముడంతటి వాడు దోషం అంటుతుందని భయపడి మూడు వరాలిస్తాడు. ఈ విధిని సరిగా అర్థం చేసుకోవడానికి మనుస్మృతి పెట్టిన హద్దు అవసరం: ఒక్క రాత్రి మాత్రమే ఉండి వెళ్ళే కొత్త మనిషి అతిథి అవుతాడు గానీ అదే ఊరివాడు, బంధువు, స్నేహితుడు కారు. అందువల్ల పెళ్ళికి పిలిచి పెట్టిన విందు ఎంత ఘనమైనదైనా అతిథిపూజ కిందికి రాదు. ఎవరో తెలియనివాడికి, తిరిగి ఏమీ ఇవ్వలేనివాడికి పెట్టినదే ఆ లెక్కలోకి వస్తుంది.

తిరువళ్ళూరులోని వీరరాఘవస్వామి ఆలయం ఈ విధికి గాథారూపం. వైష్ణవులు 108 దివ్యదేశాలుగా, అంటే ఆళ్వారులనే భక్తకవుల పాశురాలలో కీర్తి పొందిన విష్ణుస్థానాలుగా, లెక్కించే వాటిలో ఇది ఒకటి. అహోబిల మఠం నిర్వహణలో ఉంది. శాలిహోత్రుడనే ముని ఏడాది పాటు ఉపవాసంతో తపస్సు చేసి, దీక్ష ముగిసిన నాడు ధాన్యపు గింజలు ఏరి తెచ్చి, పిండి కొట్టి, నివేదన చేసి, అతిథి కోసం ఒక భాగం తీసిపెట్టి ఎదురుచూశాడు. ఒక ముసలి బ్రాహ్మణుడు వచ్చి తన భాగం తిని, ఆకలి తీరలేదన్నాడు. ముని తన భాగం కూడా పెట్టి మళ్ళీ ఉపవాసానికి సిద్ధపడ్డాడు. అప్పుడు ఆ వృద్ధుడు అలసటగా ఉంది, ఎక్కడ పడుకోవాలి అని అడిగితే ముని తన పర్ణశాలలోని చోటే చూపించాడు. పడుకున్నవాడు విష్ణువు. ఆ ప్రశ్న మీదనే ఊరికి తిరుఎవ్వుళూరన్న పాత పేరు ఏర్పడిందని స్థలపురాణం చెబుతుంది.

ఈ గాథలోని పిండి భారత సంప్రదాయంలో ఒంటరిది కాదు. మహాభారతం ఆశ్వమేధికపర్వంలో, ధర్మరాజు అశ్వమేధం చేసి గర్వించదగిన సమయాన సగం ఒళ్ళు బంగారమైన ముంగిస వచ్చి, కరవు రోజుల్లో ఏరుకున్న గింజలతో చేసిన కొద్దిపాటి పేలపిండిని తానూ భార్యా కొడుకూ కోడలూ వరుసగా అతిథికి ధారపోసిన సక్తుప్రస్థుడనే పేద బ్రాహ్మణుడి దానం ముందు ఈ యాగం చాలదని తేల్చిచెబుతుంది. రెండు కథలలోనూ దాత పెట్టినది మిగులు కాదు, తన ప్రాణం నిలుపుకోవలసిన ముద్ద. అయితే తిరువళ్ళూరు గాథ ఒక అడుగు ముందుకు పోతుంది. సక్తుప్రస్థుడి అతిథి దాతను స్వర్గానికి పంపిస్తాడు. శాలిహోత్రుడి అతిథి తానే ఆ ఇంట ఉండిపోతాడు. గర్భగుడిలో శయనించిన మూర్తి కుడిచేయి పక్కనే ఉన్న ముని తల మీద ఉంటుంది. అంటే అమావాస్య నాడు హృత్తాపనాశిని పుష్కరిణిలో బెల్లం కలిపి, రోగం నయం కావాలని మొక్కుకుని లోపలికి వచ్చిన భక్తుడు చూసేది దేవుణ్ణి ఒక్కణ్ణే కాదు, ఆ దేవుడికి చోటిచ్చిన మనిషిని కూడా. ఇలాంటి జంట దర్శనం అరుదైనది. దాని మీద పండితుల దృష్టి నిలవవలసినంతగా నిలవలేదు.

శ్రీవైష్ణవ సిద్ధాంతం ఈ దృశ్యానికి తగిన భాషను ముందే సిద్ధం చేసుకుంది. భగవంతుడు పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అని ఐదు విధాలుగా ఉంటాడని, వాటిలో అర్చావతారం, అంటే ఆలయాలలోని విగ్రహరూపం, అన్నిటికంటే సులభమైనదని ఆచార్యులు చెప్పారు. సులభమనడంలో వారి ఉద్దేశం చిన్నది కాదు: సమస్తానికీ స్వామి అయినవాడు, స్నానానికీ నైవేద్యానికీ నిద్రకూ అర్చకుడి చేతుల మీద ఆధారపడేటంతగా తనను తాను తగ్గించుకున్నాడు. ఆ సౌలభ్యాన్ని గాథగా చెబితే, ఎక్కడ పడుకోవాలి అని అడిగే ముసలివాడు కనిపిస్తాడు.

దారికి రెండో చివర ఉన్న తిరుత్తణి కొండ శైవ పరంపరకు చెందినది, మురుగన్, అంటే సుబ్రహ్మణ్యుడి, ఆరు ప్రసిద్ధ స్థానాలలో ఒకటి. శూరపద్ముడనే రాక్షసుణ్ణి సంహరించిన తరవాత స్వామి కోపం చల్లార్చుకున్నదీ, వల్లిని పెళ్ళాడినదీ ఇక్కడేనని చెబుతారు. వల్లి కథలోనూ ముసలివాడే ఉన్నాడు. చేను కాస్తున్న బోయపిల్ల దగ్గరికి సుబ్రహ్మణ్యుడు వణుకుతున్న వృద్ధుడిగా వచ్చి ఆకలి అంటాడు. ఆమె తన దగ్గరున్న కొర్రపిండి, తేనె పెడుతుంది. తరవాత దాహం అంటే కొండ చెలమకు తీసుకుపోతుంది. శాలిహోత్రుడికి శాస్త్రం తెలుసు, అతిథి భాగం తీసిపెట్టే విధి తెలుసు. వల్లికి అవేవీ తెలియవు. చేనిగట్టు మీద ఆకలిగొన్నవాడికి చేతిలో ఉన్నది పెట్టడమొక్కటే తెలుసు. ఒకే దారి రెండు చివర్లలో, వైష్ణవంలోనూ శైవంలోనూ, ముని చేతా అడవిపిల్ల చేతా దేవుడు తిన్నది పిండే కావడాన్ని కేవలం కాకతాళీయమని దాటవేయడం కష్టం. మెట్టపైర్లు పండే ఈ నేలలో బాటసారికి తక్షణం పెట్టగలిగిన అన్నం అదే. గాథలు తమ చుట్టూ ఉన్న వంటింటి నుంచే దేవుడి భోజనాన్ని తీసుకున్నాయి.

తిరుత్తణి మెట్లు 365. సంవత్సరంలోని రోజులకు అవి గుర్తని భక్తుల నమ్మిక. డిసెంబరు 31న జరిగే మెట్ల ఉత్సవంలో ఒక్కొక్క మెట్టునూ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, పాట పాడి పైమెట్టుకు సాగుతారు. దీనిని ఆరంభించినది వళ్ళిమలై సచ్చిదానంద స్వామి. ఆంగ్ల సంవత్సరాదికి దొరల ఇళ్ళకు పోయి దర్శనం చేసుకునే అలవాటు నుంచి జనాన్ని స్వామి సన్నిధికి మళ్ళించాలన్నది ఆయన తలంపు. ఎవరి వాకిటికి ఎందుకు పోవాలన్న ప్రశ్నకు ఆయన ఆచరణలో ఇచ్చిన జవాబుగా ఈ ఉత్సవాన్ని అర్థం చేసుకోవచ్చు.

కనకమ్మ సత్రానికి చేరువలోనే ఉన్న తిరువాలంగాడు మొదటి చూపుకు ఈ వాదానికి ఎదురు సాక్ష్యంగా కనిపిస్తుంది. నటరాజు నాట్యమాడిన ఐదు సభలలో ఇది రత్నసభ. కాళితో పోటీలో శివుడు కాలు నిటారుగా పైకెత్తి ఊర్ధ్వతాండవం చేసిన చోటు. శైవ భక్త కవయిత్రి కారైక్కాల్ అమ్మైయార్ తలతో నడిచి వచ్చిన నేల గనుక పాదం మోపడానికి శైవ కవి జ్ఞానసంబంధర్ జంకాడని చెప్పుకునే చోటు. నేలలోనే పవిత్రత ఉందనడానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ దొరకదు. అయినా 12వ శతాబ్దంలో చేక్కిళార్ రచించిన పెరియపురాణం ప్రకారం అమ్మైయార్ బ్రతుకు మలుపు తిరిగింది ఒక మామిడిపండుతో. భర్త ఇంటికి పంపిన రెండు పళ్ళలో ఒకదానిని, ఇంకా కూరలు కాకముందే ఆకలితో వచ్చిన వృద్ధ శివభక్తుడికి అన్నంతో పాటు పెట్టింది. భర్త రెండో పండు అడిగితే ఇవ్వడానికి లేక శివుణ్ణి తలచుకుంది. అనుగ్రహంగా చేతిలోకి వచ్చిన పండు రుచి చూసి భయపడిన భర్త ఆమెను వదిలిపోయాడు. అక్కడి నుంచి మొదలైన దారి తిరువాలంగాడులో, ఆడే పాదం కింద ముగిసింది. ఆమె తల మోపిన నేల పవిత్రమైతే, ఆ తలను ఇంత దూరం నడిపించినది అతిథికి పెట్టిన అన్నమే.

ఇంతవరకు చూసిన గాథలన్నిటినీ ఒక చిక్కు వెంటాడుతుంది. వచ్చినవాడు చివరికి దేవుడో దేవుడి మనిషో అవుతున్నాడు. పెట్టినదానికి కోటిరెట్లు తిరిగి వస్తున్నది. ఇది విన్నవారు, రేపు వచ్చే ముసలివాడు కూడా దేవుడేమోనన్న ఆశతో అన్నం పెడితే అది దానమా, పెట్టుబడా? ఆకలిగొన్న మనిషి తన ఆకలి కారణంగా గాక, తనలో దాగిన మరొకరి కారణంగా ఆదరణ పొందితే ఆ మనిషికి విలువ ఏం మిగిలింది? అతిథిని దైవంగా చూడమన్న ఉపదేశాన్ని ఒప్పుకునేవారు తప్పించుకోలేని ప్రశ్న ఇది. శాలిహోత్రుడికి వచ్చినది ఎవరో తెలియదు గనుక ఆయన దానం శుద్ధమేనని సమాధానం చెప్పవచ్చు. కానీ కథ తెలిసినవారికి ఆ తెలియకపోవడం ఇక దొరకదు.

సమాధానం తిరువాలంగాడుకు ఆనుకుని ఉన్న పళయనూరులో ఉంది. తెలుగువారికి అంతగా పరిచయం లేని ఈ గాథ తమిళంలో చాలా పాతది. జ్ఞానసంబంధర్ తిరువాలంగాడు మీద చెప్పిన పదికంలోనే, అంటే స్తోత్రపద్యాలలోనే, దీని ప్రస్తావన ఉంది. గత జన్మలో భర్త చేతిలో చచ్చిన స్త్రీ నీలి అనే పిశాచమై, మరుజన్మలో వ్యాపారిగా పుట్టి ప్రయాణంలో ఉన్న అతణ్ణి వెంబడించింది. జెముడు కొమ్మను బిడ్డగా మార్చి చంకనెత్తుకుని, ఇతడు నా భర్త, నన్ను విడిచి పోతున్నాడని ఊరి పెద్దల ముందు ఏడ్చింది. ఈమె నా భార్య కాదు, నా ప్రాణం తీయడానికి వచ్చిందని అతడు మొరపెట్టుకున్నాడు. ఒళ్ళో బిడ్డ, కళ్ళలో నీళ్ళు చూసిన డెబ్బైమంది వెల్లాళ కులపు పెద్దలు ఆమె మాటే నమ్మి, రాత్రికి ఇద్దరూ ఒకే చోట ఉండాలని తీర్పు చెప్పి, అతడికేమైనా అయితే మా ప్రాణాలు పూచీ అన్నారు. అతడు రక్షగా పట్టుకున్న కత్తిని కూడా తీసివేయించారని కథ. తెల్లవారేసరికి వ్యాపారి శవమై ఉన్నాడు. డెబ్బైమందీ ఇచ్చిన మాట కోసం అగ్నిప్రవేశం చేశారు.

ఇక్కడ మారువేషంలో వచ్చినది దేవుడు కాదు. ఆ వ్యాపారిలో ఏ దేవుడూ దాగి లేడు. డెబ్బైమంది చనిపోతుంటే ఎవరూ ప్రత్యక్షమై ఆపలేదు, వరమివ్వలేదు. తోవన పోయే ఒక మామూలు మనిషి ప్రాణానికి, ఆ మనిషి ప్రాణమన్న ఒక్క కారణంగా, ఊరు తన ప్రాణాలు చెల్లించింది. అందుచేత ఈ ప్రాంతపు ఆతిథ్య విచారంలో అన్నిటికంటే ఎత్తైన చోటు ఈ గాథకే దక్కాలి. సంప్రదాయం దీనిని సత్యనిష్ఠకు ఉదాహరణగా కొనియాడుతుంది, అది న్యాయమే. అయితే పెద్దలు నిప్పులోకి దిగడం కంటే, దానికి ముందు జరిగిన తప్పు మీద ఎక్కువ దృష్టి పెట్టవలసి ఉంది. వారు పరాయివాడికి వసతి ఇచ్చారు, పూచీ ఇచ్చారు, చివరికి ప్రాణం కూడా ఇచ్చారు. అతడి మాటకు నమ్మకం ఒక్కటే ఇవ్వలేదు. తన దేహానికి ఏది ప్రమాదమో తనకు తెలుసునని ఆ మనిషి చెబుతున్నప్పుడు, అతడి కంటే అతడి మేలు తమకు బాగా తెలుసునని అనుకున్నారు. అన్నం, పడక, రక్షణ ఇవ్వడంతో అతిథిధర్మం పూర్తికాదని, వచ్చినవాడి గోడు వినడం కూడా దానిలో భాగమని ఈ కథ ఉపనిషత్తుల విధికి చేరుస్తుంది.

ఈ ధర్మం ఆచరణలో ఎంత కుంచించుకుపోయిందో చెప్పకుండా దీనిని పొగడటం తగదు. పాత సత్రాలలో చాలావాటి తలుపులు కులాన్ని బట్టి తెరుచుకునేవి. అన్నదానమన్న మాటకు బ్రాహ్మణ భోజనమన్న అర్థమే చాలాచోట్ల మిగిలింది. దళితులకు ఆలయ ప్రవేశ హక్కు మద్రాసు రాష్ట్రమంతటా చట్టబద్ధమైనది 1947లో. గ్రంథాలు మాత్రం ఈ ఇరుకుదనాన్ని ఎప్పుడో దాటిపోయాయి: పోతన భాగవతం నవమ స్కంధం ద్వారా తెలుగువారికి సుపరిచితుడైన రంతిదేవుడు నలభై ఎనిమిది రోజుల పస్తు తరవాత దొరికిన భోజనాన్ని బ్రాహ్మణుడికి, శూద్రుడికి, కుక్కలతో వచ్చినవాడికి పంచి, మిగిలిన కాసిని నీళ్ళు సమాజం అందరికంటే దిగువన ఉంచినవాడి దాహానికి పోస్తాడు. గ్రంథం ఒప్పుకున్నదానిని సత్రం గుమాస్తా ఒప్పుకోకపోవడం మన చరిత్రలో బాధాకరమైన భాగం. ఆ ఇరుకును దాటిన వ్యక్తులూ లేకపోలేదు. కోనసీమలో లంకల గన్నవరానికి చెందిన డొక్కా సీతమ్మ, 1909లో కన్నుమూసేవరకు వేళకాని వేళ వచ్చినవారికి కూడా వండి పెట్టిన ఇల్లాలు, అంతర్వేది దర్శనానికి బయలుదేరి, తన ఇంటికి చేరితే అన్నం దొరుకుతుందని దారిన పోయేవారు అనుకోవడం విని వెనక్కి తిరిగిందని చెప్పుకుంటారు. దేవుడి దర్శనం వాయిదా పడింది, పొయ్యి వెలిగింది.

ఈ సీమ ఏ రాష్ట్రానికి చెందినదన్న తగాదా కూడా ఈ విచారానికి దూరం కాదు. పటాస్కర్ మధ్యవర్తిత్వం, 1959 నాటి సరిహద్దు మార్పుల చట్టం తరవాత, 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి, చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లోకి మారాయి; కాలు కదపకుండానే వేలమంది మరో రాష్ట్రపు వారయ్యారు. ఆడికృత్తిక పండుగకు నగరి, పుత్తూరు వైపు నుంచి తిరుత్తణికి కావడి మోసుకుపోయే తెలుగు కుటుంబాలు మాత్రం ఆ తరవాత కూడా ఆ కొండను పరాయి చోటుగా తలచలేదు. 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్, 1926లో ఆక్స్‌ఫర్డులో హైందవ జీవనదృష్టి మీద చేసిన ప్రసంగాలలో, కొత్త దైవాలకూ కొత్త భావాలకూ చోటివ్వగల స్వభావాన్ని హిందూ ధర్మపు ప్రధాన లక్షణంగా నిలబెట్టారు. ఆ ప్రతిపాదన గొప్పది. అయితే ఆయన పుట్టిన నేల గాథలు ఆతిథ్యాన్ని భావాలతో మొదలుపెట్టలేదు, ఆకలితో మొదలుపెట్టాయి; పరమతాన్ని గౌరవించడం కంటే పరాయి కడుపు నింపడం కష్టమని అవి ఎరిగినవి.

నేడు ఈ దారిన వచ్చేవారికి కొరత లేదు. తమిళుల పెరటాసి నెలలో తిరుమలకు నడిచిపోయే భక్తులకు రహదారి వెంట మజ్జిగ, పులిహోర అందుతాయి. తిరుత్తణి ఆలయంలో 2021 నుంచి రోజంతా అన్నదానం సాగుతోంది, పంక్తిలో కూర్చున్నవారి ఊరూ పేరూ అడగకుండా. పాత సత్రం చేయలేని పనిని ఇది చేస్తున్నది, ఆ మేరకు సంతోషించవలసిందే. అయితే ఇదే తిరువళ్ళూరు జిల్లాకు మరో తరహా ప్రయాణికులు కూడా ఏటా వస్తున్నారు. బలంగీర్, నువాపడా వంటి పశ్చిమ ఒడిశా జిల్లాల నుంచి, ముందుగా తీసుకున్న అడ్వాన్సు తీర్చడానికి ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలవి. ఆలుమగలు చీకటి ఉండగానే మట్టి కలిపి అచ్చులు తీస్తారు. పిల్లలు ఆరబెట్టిన ఇటుకలను తిప్పుతారు. వెట్టిచాకిరీ 1976 నాటి చట్టంతో నిషిద్ధమైనా, ఈ జిల్లా బట్టీల నుంచి అధికారులు కూలీలను విడిపించవలసి వచ్చిన సందర్భాలు ఒకటి రెండు కావు.

గది ముందే కుదుర్చుకుని, టికెట్టు చేతపట్టుకుని, తిరుగు ప్రయాణం నిశ్చయించుకుని వచ్చే యాత్రికుడి కంటే, ఊరివాడు కాని, బంధువు కాని, తమిళమూ తెలుగూ రాని ఈ కూలీకే ధర్మశాస్త్రం చెప్పిన అతిథి లక్షణాలు ఎక్కువగా సరిపోతాయి. కూలి కోసం వచ్చినవాడు అతిథి ఎలా అవుతాడన్న ఆక్షేపణకు పళయనూరు గాథలోనే జవాబుంది. ఆ వ్యాపారి కూడా పొట్టకూటి పని మీదే ఆ దారిన వచ్చాడు. బట్టీ దాటి వెళ్ళనివ్వడం లేదని, లెక్క తేల్చడం లేదని ఆ కూలీ వచ్చీరాని మాటల్లో చెప్పుకున్నప్పుడు, బాకీ ఉన్నాడు గనుక ఉండవలసిందేనని నిర్ణయించేవారు డెబ్బైమంది పెద్దలు కూర్చున్న చోటనే కూర్చుంటున్నారు. ఆ పెద్దలు ఇచ్చిన పూచీ మాత్రం ఇప్పుడు ఎవరూ ఇవ్వడం లేదు.